బెంగళూరు పిన్ని

పల్నాడు నుంచి నెల్లూరు దాకా ఏ క్రైస్తవ కుటుంబాన్ని కదిపినా బెంగళూరులో ఒక పిన్ని బయటపడుతుంది. సొంత పిన్ని లేనివాళ్ళకు మేనత్త ఉంటుంది. ఆవిడా లేకపోతే అమ్మతో కలిసి నర్సు ట్రైనింగ్ చేసిన ఒకావిడ ఉంటుంది. పిల్లలు ఆవిడనే పిన్ని అంటారు, ఆవిడా కాదనదు. ఈ పిన్నిగారి భర్త ఏ ఐటీఐ కార్ఖానాలోనో హెచ్‌ఏఎల్‌లోనో చేరడానికి రేకుపెట్టెతో రైలెక్కిన మనిషి. ఇద్దరూ కలిసి రామమూర్తి నగర్‌లోనో లింగరాజపురంలోనో 30 బై 40 సైటు కొన్నారు. కింద తాముండి పైన అద్దెకిచ్చారు. పిల్లల్ని చదివించి సముద్రాలు దాటించారు. ఏడాదిలో చాలా భాగం పిన్ని అందరిలాంటి ఇల్లాలే. మట్టల ఆదివారం వచ్చిందంటే మాత్రం ఆవిడ హోదా మారిపోతుంది. అప్పటి నుంచి బళ్ళు తెరిచేదాకా ఆవిడ బెంగళూరు చల్లదనానికి అధికార ప్రతినిధి.

ఇది ఎవరో ఇచ్చిన పదవి కాదు. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన కాపురం పెట్టిన ప్రతి తెలుగింటి ఆడపడుచుకూ దానంతట అదే వస్తుంది. గుంటూరులో అక్కకు ఫోన్ చేసి, "ఇక్కడ రాత్రిళ్ళు దుప్పట్లు కప్పుకుంటున్నామక్కా" అంటుంది. అబద్ధం కాదు. కప్పుకునేది దోమల కోసమని చెప్పదు, అంతే. "పిల్లల్ని తీసుకుని వచ్చెయ్యండి, ఆ ఎండల్లో ఎందుకు మాడిపోవడం" అంటుంది. ఫోను పెట్టేసి బాబాయి వైపు తిరిగి, "ఈసారి ఎంతమంది దిగుతారో ఏమో" అని నిట్టూరుస్తుంది. తీరా వాళ్ళు రామంటే క్రిస్మస్ దాకా అలుగుతుంది.

పిన్నికి ప్రధాన ప్రత్యర్థి పెద్దబావగారు. ఆయనది రెంటచింతల. ఆంధ్రలో ఎండల లెక్క తీసినప్పుడల్లా పేపర్లో కనిపించే ఊరు కాబట్టి వేడి విషయంలో ఆయనకు వంశపారంపర్యపు హక్కులున్నాయి. కొండవీడు ఎక్స్‌ప్రెస్‌లో యశ్వంతపూర్ దాకా వచ్చి, ఆటో బేరంలో ఓడిపోయి, గడపలో అడుగుపెడుతూనే చొక్కా పైగుండీ విప్పి, "ఏమ్మా, మీ ఊళ్ళోనూ ఉక్కపోస్తోందే!" అంటారు. పిన్ని నవ్వుతూ మంచినీళ్ళ గ్లాసు అందించి, "ప్రయాణం బడలిక బావగారూ, స్నానం చేస్తే సర్దుకుంటుంది" అంటుంది. ఆ స్నానానికి వేడినీళ్ళు తోడుతుంది. నడివేసవిలో వేడినీళ్ళు పోసుకున్నామని అతిథులు తిరిగి వెళ్ళి ఊళ్ళో చెప్పుకోవాలి, అదీ ఏర్పాటు.

2016 ఏప్రిల్ 24న బెంగళూరులో 39.2 డిగ్రీలు నమోదైంది. ఆ ఊరు అంత వేడి అంతకు ముందెన్నడూ చూడలేదు. బావగారికి కంఠత వచ్చిన వాక్యాలు తక్కువే గానీ ఆ అంకె మాత్రం నోటికొచ్చు. ఏటా ఒకసారైనా దాన్ని భోజనాల దగ్గర బయటికి తీస్తారు. పిన్ని దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. "అది ఆదివారం బావగారూ. విశ్రాంతి దినం సంగతి లెక్కలోకి తీసుకోకూడదు." విశ్రాంతి దినం వాతావరణ శాఖకు కూడా వర్తిస్తుందా అని ఆయన అడగలేరు. ఎదురుగా పాస్టరు అయ్యగారు కూర్చుని పప్పులో నెయ్యి కలుపుకుంటున్నారు.

ఇంట్లో ఏసీ లేదు. పెడితే ఓటమి ఒప్పుకున్నట్టే. ఫ్యాన్లున్నాయి, కానీ రెగ్యులేటరు రెండు దగ్గరే ఉండాలి. ఎవరైనా మూడుకు తిప్పితే పిన్ని వంటింట్లోంచే చప్పుడు పసిగట్టి వస్తుంది. "పిల్లలకు చలేస్తుందిరా" అని వెనక్కి తిప్పి వెళుతుంది. ఆ పిల్లలు బనియన్లు విప్పి గచ్చు మీద పొర్లుతుంటారు.

మరి ఇల్లు చల్లబడేదెలా? కర్టెన్లు మార్చాలి. వేడి మొదట కంటికి తగులుతుందని, తర్వాతే ఒంటికని పిన్ని సిద్ధాంతం. వాళ్ళ చర్చిలో స్త్రీల సమాజం తరఫున బలిపీఠం గుడ్డలు చూసుకునేది ఆవిడే. శ్రమదినాలకు ఊదా, ఈస్టరుకు తెలుపు, పెంతెకొస్తుకు ఎరుపు, ఆ తర్వాత నెలల తరబడి ఆకుపచ్చ. ఏళ్ళ తరబడి ఆ రంగులు మార్చీ మార్చీ ఆవిడ ఇల్లు కూడా అదే క్యాలెండరులో పడిపోయింది. శ్రమదినాల్లో హాలంతా ఊదా కర్టెన్లు వేలాడతాయి, పొయ్యి మీదికి మటన్ రాదు. ఈస్టరు నాడు తెల్లవారుజామున ఆరాధన ముగించుకుని వచ్చీ రాగానే బాబాయిని స్టూలెక్కించి తెల్లవి వేయిస్తుంది. పాపం ఆయన అప్పటికింకా కాఫీ కూడా తాగలేదు. మాస్క్ రోడ్డులో 1902 నుంచి ఉన్న ఆల్బర్ట్ బేకరీ నుంచి గుడ్ ఫ్రైడేకి తెచ్చిన బన్నుల్లో చివరిది స్టూలు మీద నిలబడే తింటారు.

ఎరుపు వేడి రంగు. అందుకని పెంతెకొస్తుకు అతిథులంతా వెళ్ళిపోయి ఉండాలనేది ఆ ఇంట్లో పైకి అనుకోని నియమం. ఒక ఏడాది బావగారు ఎంతకీ కదలకపోతే ఎర్ర కర్టెన్లు పండగకు వారం ముందే ఎక్కాయని బాబాయి చెబుతారు. ఉతికి ఆరేశానంతే, అంటుంది పిన్ని.

చిక్‌పేటలో ఆవిడ గుడ్డ కొనడం చూసి తీరాలి. దుకాణాల్లో చాలామందికి తెలుగు వచ్చు. అది తెలిసే పిన్ని కన్నడంలో మొదలుపెడుతుంది, ధర దగ్గరికొచ్చేసరికి తెలుగులోకి దిగుతుంది, "స్వల్ప అడ్జస్ట్ మాడి" అంటూ మళ్ళీ కన్నడంలో తేలుతుంది. బలిపీఠానికీ ఇంటికీ ఒకే తానులోంచి కోయిస్తుంది, దేవుని పేరు చెప్పి సాధించిన తగ్గింపు రెండింటికీ వర్తిస్తుందని. బిల్లులు మాత్రం విడివిడిగా రాయిస్తుంది. లెక్కలో అర్ధరూపాయి తేడా రానివ్వదు, ఆ విషయంలో సంఘంలో ఎవరూ ఆవిడ వైపు వేలెత్తలేరు. తన వాటాలో మిగిలిన ముక్కలు దిండు గలేబులవుతాయి. ఆదివారం ప్రసంగం సాగుతుండగా అతిథి ఎవరో బలిపీఠం వైపు చూసి, ఈ పువ్వుల్ని ఎక్కడో చూశానే అనుకుంటాడు. రాత్రంతా తల పెట్టుకున్నది వాటి మీదేనని గుర్తొచ్చి ఉలిక్కిపడతాడు. అక్కడ అది మామూలే.

షోకేసులో కొండపల్లి అంబారీ ఏనుగు, దాని తొండం ఆనేంత దగ్గరలో చన్నపట్న బొమ్మ రైలు. గోడల మీద యెహోషువ 24:15 మూడు చోట్ల ఉంటుంది. ఒకటి చెక్క మీద చెక్కించింది, ఒకటి క్రోషియా అల్లిక, ఒకటి అమెరికా నుంచి కొడుకు పంపింది, స్విచ్ వేస్తే వెలుగుతుంది. ఫ్రిజ్‌కు కవరు, మిక్సీకి కవరు, గ్యాస్ సిలిండరుకు కుచ్చుల కవరు. ఆ ఇంట్లో కవరు లేకుండా తిరిగేది బాబాయి ఒక్కరే. వరండాలో ఆంథూరియం కుండీలకు బియ్యం కడిగిన నీళ్ళు తప్ప మరొకటి పడదు. 2024 మార్చిలో నీళ్ళకు కటకటలాడినప్పుడు, తాగునీళ్ళు మొక్కలకు పోస్తే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. కటకట తీరింది గానీ పిన్ని భయం తీరలేదు. బెంగళూరులో నీళ్ళ కరువు వచ్చిన సంగతి మాత్రం గుంటూరు ఫోన్లలో ఎక్కడా వినపడలేదు.

ఇంటినిండా పిల్లలు చేరాక వీబీఎస్ మొదలవుతుంది. సెలవుల్లో నడిపే ఈ బైబిలు బడికి మూలం వెతికితే న్యూయార్క్ తేలుతుంది. 1898లో హాస్ అనే ఇల్లాలు వీధుల్లో తిరిగే పిల్లల కోసం ఒక సారా దుకాణం అద్దెకు తీసుకుని మరీ బడి పెట్టింది. ఆవిడ పిల్లల ఆత్మల గురించి ఆలోచించింది. పిన్నీ ఆలోచిస్తుంది. దాంతోపాటు ఉదయం తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా ఇల్లు ఖాళీగా ఉంటుందన్న సంగతి కూడా ఆలోచిస్తుంది. అక్కల పిల్లలు, మరుదుల పిల్లలు, పై వాటా హిందూ పిల్లలు, అందరికీ ఒకే సీసా కొబ్బరినూనె రాసి, ఒకే దువ్వెనతో దువ్వి, వరసగా నడిపించుకెళ్ళి అప్పగిస్తుంది. ఐస్‌క్రీం పుల్లలతో నోవహు ఓడ చేయించే క్లాసు ఆవిడదే. ఆ ఓడలు తర్వాత షోకేసు మీద రేవు పట్టుకుని ఏళ్ళ తరబడి కదలవు.

అక్కడ రెంటచింతల పిల్లాడికి యోగం పడుతుంది. బెంగళూరులో పుట్టిన తెలుగు పిల్లలు తెలుగు పాటను ఇంగ్లీషు అక్షరాల్లో చూసి పాడతారు, వాళ్ళ నోట 'ళ' అన్నది పుట్టదు. ఊళ్ళో ఆఖరి బెంచీలో కూర్చునే వీడు ఇక్కడ తెలుగు బైబిలు గడగడా చదివేసి ముగింపు రోజున టిఫిన్ బాక్సు గెలుచుకుంటాడు. వాడి జీవితంలో మొదటి ప్రథమ బహుమతి అది. బావగారు ఆ రోజంతా ఉక్క గురించి ఎత్తరు.

ఎత్తినా లాభం లేదు. రాత్రి కుటుంబ ప్రార్థన చేతిలో ఉన్నంతకాలం పిన్నిని గెలవడం ఎవరి వల్లా కాదు. బాబాయి పాత కీర్తన ఎత్తుకుంటారు. పురుషోత్తము చౌదరి కీర్తనలైతే ఆయనకు పుస్తకం అక్కర్లేదు. పాట అయ్యాక పిన్ని ప్రార్థన మొదలవుతుంది. ప్రయాణాల్లో కాపాడినందుకు స్తోత్రం, పిల్లల చదువులకు స్తోత్రం. ఆ తర్వాత గొంతు కాస్త పెంచి, "ఈ చల్లని వాతావరణం అనుగ్రహించినందుకు స్తోత్రం తండ్రీ" అంటుంది. ధారాపాతంగా చెమట కారుతున్న బావగారు, ఇంటికి పెద్ద కాబట్టి, అందరికంటే గట్టిగా ఆమేన్ చెప్పాల్సి వస్తుంది.

ఊరు చూపించడం బాబాయి శాఖ. కబ్బన్ పార్కులో పుట్టాణి రైలు, లాల్‌బాగ్‌లో అద్దాల మేడ, విధానసౌధ ముందు ఫొటో. ప్రభుత్వ పని దేవుని పని అని ఆ భవనం నుదుట కన్నడంలో రాసి ఉంటుంది. ఆయన దాన్ని చదివి వినిపించి, సర్కారీ కార్ఖానాలో తాను చేసిన సర్వీసు కూడా ఆ లెక్కలోకే వస్తుందని పిల్లలకు గుర్తుచేస్తారు. ఒక్క రోజులో అయిపోతుంది. మిగిలిన రోజులన్నీ తిండివే.

తిండిలో కూడా అసలు పరీక్ష పచ్చళ్ళు. బెంగళూరు పేరు పెట్టుకున్న మామిడి ఒకటుంది. తోతాపురినే బెంగళూరా అని కూడా అంటారు. పిన్ని దాన్ని ఆవకాయ దరిదాపులకు రానివ్వదు. ఊరి పరువు వేరు, జాడీ పరువు వేరు. రసెల్ మార్కెట్లో కోలారు జిల్లా శ్రీనివాసపుర కాయ కోసం వెతుకుతుంది. ఆ మామిడి సీమలో చాలామందికి తెలుగు ఇంటిభాషే. బేరం చేస్తున్నది తెలుగావిడేనని దుకాణదారు కనిపెట్టేలోపు ఆవిడ నాలుగు కాయలు కొరికి పులుపు చూసి ఉంటుంది. కారం గుంటూరుది, అక్కలు మూటకట్టి తెస్తారు. ఎరుపు చాలదేమోనని పిన్ని గుట్టుగా పిడికెడు బ్యాడిగి కారం కలుపుతుంది. దానికి రంగెక్కువ, మంట తక్కువ. పెద్దక్క నోట్లో పెట్టుకోకుండానే పట్టేస్తుంది. "ఇంత అందంగా ఉందంటే ఇది మన కారం కాదే!"

ఆవకాయ నీడపట్టునైనా అవుతుంది. మాగాయకు ఎండ కావాలి. పిన్ని ఏడాది మొత్తంలో ఎండ కోసం ఆరాటపడేది ఆ రెండు మూడు రోజులే. ఉప్పులో ఊరిన ముక్కలు పిండి, మేడ మీద పాత చీరలు పరిచి ఆరబోస్తుంది. పక్కన పళ్ళెంలో ఊట కూడా ఎండకు పెడుతుంది. బావగారు మెట్లెక్కి వచ్చి నెమ్మదిగా అడుగుతారు. "ఏమ్మా, ఎండ బాగానే కాస్తున్నట్టుందే?"

"ముక్క ఎండేంత ఉంది బావగారూ, మనిషి మాడేంత లేదు."

సాయంత్రం నాలుగు గంటలకు ఆకాశం నల్లబడుతుంది. వేసవిలో ఇక్కడ పడే వానను మామిడి జల్లు అంటారు. మాగాయ పెట్టేవాళ్ళ మీద కక్షతో ఎవరో పెట్టిన పేరు. మొదటి చినుకు నెత్తిన పడగానే పిన్నికి సంతోషమూ దుఃఖమూ ఒకేసారి తన్నుకొస్తాయి. ఇన్నాళ్ళూ ఆవిడ ఎదురుచూస్తున్న సాక్ష్యం పైనుంచి దిగుతోంది, సరిగ్గా ముక్కల మీదికే దిగుతోంది. "చూశారా బావగారూ, గాలి చూశారా, ఒరే చీర కొస పట్టుకో, ఎంత చల్లగా ఉందో, ఊట పళ్ళెం, ఊట పళ్ళెం! చూశారా, నేను చెప్పలే, తొక్కకే పిల్లా, ముక్కలు!" వీబీఎస్ సైన్యమంతా మేడ మీదికి పరిగెడుతుంది. బావగారు చీర నాలుగో కొస పట్టుకుని, తడిసి ముద్దై, వణుకుతూ కిందికి దిగుతారు. ఆయన వణకడం పిన్ని కళ్ళారా చూస్తుంది. వెంటనే బాబాయి స్వెట్టరు తెచ్చి తొడిగిస్తుంది. ఆ వేషంలో ఫొటో తీయించి గుంటూరు నుంచి ఒంగోలు దాకా అందరి ఫోన్లకూ పంపిస్తుంది.

ఆ రాత్రి భోజనాలయ్యాక హాల్లో సోఫాలు గోడకు జరిపి, గచ్చంతా పాత దుప్పట్లు పరిచి, ముక్కలు ఆరబోస్తారు. పిన్ని స్వయంగా వెళ్ళి ఫ్యాన్ రెగ్యులేటరు అయిదుకు తిప్పుతుంది. ఆ ఇంట్లో ఫ్యానుకు అంత వేగం ఉందని అతిథులకు తెలియడం అదే మొదలు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని పైకి చూస్తారు. బావగారు ఏమీ అనరు. చాప, దిండు చంకన పెట్టుకుని వచ్చి, మాగాయ ముక్కల పక్కన మూరెడు జాగాలో ఒదిగి పడుకుంటారు. వంటింట్లోంచి గొంతు వినిపిస్తుంది. "బావగారూ, ముక్కల వైపు కాళ్ళు చాపకండి!"