అన్నిటికీ దగ్గర

మాది చందానగర్. ఆ మాటతో ఊరుకోవడం నాకు చేతకాదు. ఎదుటివాళ్లు "అబ్బో, అంత దూరమా?" అన్నారంటే చాలు, నాలోని రియల్ ఎస్టేట్ ఏజెంటు లేచి కూర్చుంటాడు. "దూరమేంటండీ! సందు దాటితే ముంబయి హైవే. ఇటు లింగంపల్లి స్టేషను, అటు మియాపూర్ మెట్రో. ఔటర్ ఎక్కామా, 158 కిలోమీటర్ల చుట్టులో ఏ మూలకైనా..." పెళ్లి పంక్తిలో సాంబారు వడ్డించే కుర్రాడు సైతం ఇది పూర్తిగా వినే కదలాలి.

2003లో ఎంఎంటీఎస్ మొదలైనప్పుడు నా ఉపన్యాసం రెండు ముక్కలే. 2008లో శంషాబాద్ విమానాశ్రయం, ఆనక ఔటర్, 2017లో మెట్రో. ప్రభుత్వాలు మారాయి గానీ ఉపన్యాసం మాత్రం పెరుగుతూనే వచ్చింది.

చిక్కేమిటంటే, విన్నవాళ్లు నమ్మారు. కాకినాడ గౌతమి, తిరుపతి నారాయణాద్రి లింగంపల్లిలోనే ఆగిపోతాయి. రైళ్లకి అది చివరి స్టేషను, చుట్టాలకి మా ఇల్లు. "ఎంత మొద్దునిద్ర పోయినా దిగాల్సిన ఊరు దాటిపోదు అల్లుడుగారూ" అని మా పిన్నత్తగారు తెగ మెచ్చుకున్నారు. మెచ్చుకుని వారం ఉన్నారు.

2023లో అమెరికా కాన్సులేట్ బేగంపేట నుంచి నానక్‌రామ్‌గూడకి మారిందని పేపర్లో చూసి నేను చంకలు గుద్దుకున్నాను. మా ఆవిడ మాట్లాడకుండా వెళ్లి ఇంకో రెండు పరుపులు కొనుక్కొచ్చింది. ఆవిడ ముందుచూపు ఆవిడది. ఇప్పుడు వీసా ఇంటర్వ్యూకి మా ఇంట్లోనే ఇస్త్రీ, విమానం ఎక్కే ముందు మా హాల్లోనే సూట్‌కేసుల తూకం. బరువు ఎక్కువై తీసేసిన కందిపొడి, గోంగూర పచ్చడి మాకే మిగులుతాయి. లొకేషన్ వల్ల నాకు చేతికందిన లాభం ఇదొక్కటేనేమో.

"అన్నీ మనకి దగ్గరే. మీకు వంటిల్లొక్కటే దూరం," అంది మా ఆవిడ మొన్న. అని, మియాపూర్‌లో మెట్రో ఎక్కి, ఆ కొసన ఎల్బీనగర్‌లో ఉన్న వాళ్లక్క ఇంటికి వెళ్లింది. ఎప్పుడొస్తావని ఫోన్లో అడిగితే, "మధ్యలో మారే పనే లేదని మీరేగా అంటారు, ఎప్పుడైనా రావచ్చు," అని పెట్టేసింది.

రేపు పొద్దున గౌతమికి పెదమావయ్య, అత్తయ్య దిగుతున్నారు. ఉప్మాకి రవ్వ ఎంతో, నీళ్లెన్నో కనుక్కుందామంటే మా ఆవిడ ఫోనెత్తడం లేదు.