ఏడిస్తే గెలిచే ఆట

మారియో అనే ప్లంబర్ ఇరవై ఏళ్ళపాటు రాకుమారి పీచ్‌ని రాక్షసుడి కోటలోంచి విడిపించీ విడిపించీ అలసిపోయాడు కాబోలు, 2005లో నింటెండో కంపెనీ కథని తిరగేసింది. ఈసారి రాక్షసుడి చేతికి చిక్కింది మారియో, కాపాడాల్సింది పీచ్. ఆట పేరు 'సూపర్ ప్రిన్సెస్ పీచ్'. ఆడపిల్లని నాయికని చేశాక ఆమెకి శక్తులు కూడా ఇవ్వాలి కదా. మారియోకైతే పుట్టగొడుగు తింటే ఒళ్ళు పెరుగుతుంది, పువ్వు దొరికితే చేతుల్లోంచి నిప్పులు కురుస్తాయి. పీచ్‌కి ఏమివ్వాలా అని పెద్దలు బాగా ఆలోచించి నాలుగు మనోభావాలు ఇచ్చారు: ఆనందం, దుఃఖం, కోపం, శాంతం. ఆనందమొస్తే గాల్లోకి లేస్తుంది. కోపమొస్తే ఒళ్ళంతా మంటలు లేస్తాయి. శాంతంగా ఉంటే ఒంట్లో బాగవుతుంది. ఇక ఏడ్చిందంటే కన్నీళ్ళు ధారకట్టి మొక్కలు మొలుస్తాయి, మంటలు చల్లారతాయి. (మన టీవీ సీరియళ్ళ నాయికలు ఏళ్ళ తరబడి ఏడుస్తున్నా ఒక్క మొక్క మొలిచిన పాపాన పోలేదు.) చేతిలో ఆయుధం గొడుగు. విమర్శకుల ప్రధానమైన ఫిర్యాదు ఏమిటంటే, ఆట మరీ తేలిగ్గా ఉందని. అమ్మాయిల కోసమన్నాక ఆ మాత్రం జాగ్రత్త తీసుకోవద్దూ?

అమ్మాయికి ఏం కావాలో అమ్మాయికన్నా ముందే తెలుసుకోవడం ఈ వ్యాపారంలో పాత విద్యే. 1980లో పాక్‌మ్యాన్‌ని రూపొందించిన తోరు ఇవాతాని, ఆర్కేడ్లకి ఆడవాళ్ళని రప్పించాలనుకున్నారు. ఆడవాళ్ళకి ఇష్టమైనవేమిటి? ఫ్యాషన్, జ్యోతిషం, తిండి, ప్రియుడితో షికారు. అందులోంచి తిండిని ఎంచుకుని నోరే ఒళ్ళుగా ఉన్న పసుపుపచ్చ బొమ్మని తయారుచేశానని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. ఆలోచన నవ్వొచ్చేదే, కానీ ఆయన చెయ్యని పని ఒకటుంది: యంత్రం మీద 'ఆడవారికి మాత్రమే' అని బోర్డు పెట్టలేదు. ఆడవాళ్ళూ వచ్చారు, మగవాళ్ళూ వచ్చారు. బోర్డు లాంటిది 1982లో వచ్చింది. అదే పసుపు బొమ్మకి రిబ్బను, లిప్‌స్టిక్, బుగ్గన చుక్క పెట్టి మిస్ పాక్‌మ్యాన్ అన్నారు. ఈలోగా 1981లో అటారీ కంపెనీలో డోనా బెయిలీ అనే ప్రోగ్రామర్ ఎడ్ లాగ్‌తో కలిసి సెంటిపీడ్ తయారుచేశారు. పురుగుల్ని కాల్చి చంపే ఆట అది. ఆడవాళ్ళు ఎగబడి ఆడారు. జెర్రిని కాల్చేటప్పుడు అది స్త్రీసహజమా కాదా అని ఎవరూ ఆగి ఆలోచించినట్టు లేదు.

మరి 'ఆటలు మగపిల్లల సొత్తు' అన్న జ్ఞానం ఎక్కడ పుట్టింది? బొమ్మల దుకాణంలో. 1983లో అమెరికాలో వీడియోగేముల వ్యాపారం కుప్పకూలింది. చెత్త గేములు గుట్టలుగా మిగిలి, వీడియోగేమ్ అన్న మాట వింటేనే దుకాణదారులు తలుపులు వేసుకునే పరిస్థితి. 1985లో నింటెండో అక్కడ అడుగుపెట్టినప్పుడు తన యంత్రాన్ని గేమ్ అనకుండా, ఒక ప్లాస్టిక్ రోబోని, ఒక ఆట తుపాకీని జతచేసి బొమ్మగా అమ్మింది. అప్పట్లో అమెరికాలో బొమ్మల దుకాణానికి రెండు వరసలుండేవి, ఒకటి గులాబీ రంగు, ఇంకొకటి నీలం. రోబో, తుపాకీ ఉన్న పెట్టె ఏ వరసలోకి వెళ్ళిందో వేరే చెప్పక్కర్లేదు. ప్రకటనలకి డబ్బు తక్కువ, ఎవరో ఒకరిని గురిపెట్టాలి, అబ్బాయిల్ని పెట్టారు. ఈ చరిత్రనంతా ట్రేసీ లీన్ అనే విలేఖరి 2013లో పాలిగాన్ అనే వెబ్‌సైట్‌లో వివరంగా రాశారు. 1989లో వచ్చిన చేతి యంత్రానికి ఏకంగా గేమ్‌బాయ్ అనే పేరు పెట్టారు. కొన్నేళ్ళు అబ్బాయిల టీవీ కార్యక్రమాల మధ్య అబ్బాయిలున్న ప్రకటనలు వేసి, అబ్బాయిల వరసలో సరుకు పేర్చి, ఆ తర్వాత లెక్క తీసి చూస్తే కొన్నది ఎక్కువగా అబ్బాయిలే! మార్కెటింగ్ శాఖ నివ్వెరపోయింది. ఆడపిల్లలకి ఆటల మీద ఆసక్తి లేదని శాస్త్రీయంగా రుజువైపోయింది. అక్కడి నుంచి వాళ్ళు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఈ కుందేలు ఎంత మొండిదంటే, 1986లో మెట్రాయిడ్ ఆటలో నాయకుడి కవచం తీసేస్తే లోపల ఉన్నది సామస్ అనే అమ్మాయి అని తేలుతుంది. ఆట పుస్తకంలో మాత్రం ఆమెని చివరిదాకా 'అతడు' అనే రాశారు. రహస్యం కాపాడటానికే అనుకుందాం. కానీ ఆ రహస్యాన్ని బహుమతిగా ఇచ్చిన తీరు చూడండి: ఆటని ఎంత త్వరగా ముగిస్తే ఆమె ఒంటి మీద అంత తక్కువ బట్టలుంటాయి. బహుమతి ఎవరి కోసమో, ఎవరు ఆడుతున్నారని కంపెనీ అనుకుందో ఆ ఒక్క ముక్కలోనే తెలిసిపోతోంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని తోసెయ్యడానికి లేదు. 1996లో మాటెల్ కంపెనీ 'బార్బీ ఫ్యాషన్ డిజైనర్' అనే సీడీ విడుదల చేస్తే రెండు నెలల్లో 5 లక్షలకి పైగా అమ్ముడుపోయాయి. అమ్మాయిలకి గులాబీ రంగే కావాలని అమ్మాయిలే తేల్చి చెప్పాక కంపెనీల్ని తిట్టడం దేనికి? నిజమే, కొన్నారు, ఇష్టపడే కొన్నారు. గులాబీ రంగు ఇష్టపడటం నేరమేమీ కాదు కూడా. అయితే ఆ సీడీతో చేసేదేమిటో చూడాలి. పిల్ల కంప్యూటర్‌లో గౌను డిజైన్ చేస్తుంది, సీడీతో పాటు ఇచ్చిన గుడ్డలాంటి కాగితం మీద ప్రింటర్‌తో అచ్చువేస్తుంది, కత్తిరించి అతికించి తన దగ్గరున్న బొమ్మకి తొడుగుతుంది. తెర మీద చేసిన పని చేతిలోకి వస్తుంది. 1996లో ఆ పని చేయించే సాఫ్ట్‌వేర్ అబ్బాయిలకైనా ఎన్ని ఉన్నాయి? మిగతా కంపెనీలు ఈ విజయంలోంచి ప్రింటర్‌ని వదిలేసి రంగుని మాత్రం తీసుకున్నాయి. మేలుకోరి పనిచేసినవాళ్ళకీ ఈ గొడవ తప్పలేదు. బ్రెండా లారెల్ స్థాపించిన పర్పుల్ మూన్, పిల్లలతో విస్తారంగా మాట్లాడి, వాళ్ళ స్నేహాలూ సంకోచాలూ తెలుసుకుని అమ్మాయిల కోసం ఆటలు చేసింది. 1999లో మూతపడింది. దాన్ని కొనుక్కున్నది ఎవరనుకున్నారు? మాటెల్.

తర్వాత వరద. 2007 నుంచి యూబీసాఫ్ట్ కంపెనీ 'ఇమాజిన్' పేరుతో వరసగా ఆటలు వదిలింది. ఊహించుకో అంటే ఏమేమి ఊహించుకోవచ్చు? పసిపాపల్ని సాకడం, బట్టల డిజైను, వంట, పెళ్ళి ఏర్పాట్లు, టీచరుద్యోగం, పశువుల డాక్టరు. సంబంధం కుదిర్చే పెద్దమ్మ దగ్గరుండి రాయించిన జాబితాలా ఉంటుంది. వంటలో తప్పేముంది, పిల్లల్ని పెంచడం చిన్నపనా అని అడగొచ్చు. ఏ తప్పూ లేదు. వంట ఆట బాగుంటే మగపిల్లాడూ ఆడతాడు, ఆడనివ్వాలి కూడా. పేచీ వంటతో కాదు, దాని మీద అంటించిన చీటీతో. ఆ చీటీ ఉన్నవైపు అమ్మాయికి పసిపాపలు, అటువైపు అబ్బాయికి మిగిలిన విశ్వమంతా. ఈ చీటీ ఆట నియమాల్లోకి కూడా దూరిన ఘనత 'హార్వెస్ట్ మూన్ 3'ది. గేమ్‌బాయ్ కలర్ మీద వచ్చిన ఈ వ్యవసాయం ఆటని అబ్బాయిగా ఆడితే పెళ్ళయ్యాక కూడా పొలం పనులు సాగుతాయి. అమ్మాయిగా ఆడితే పెళ్ళితో ఆట ముగుస్తుంది. శుభం కార్డు పడిపోతుంది. ఈ సంప్రదాయం సముద్రాలు దాటి మన ఫోన్లలోకీ వచ్చింది. ప్లే స్టోర్‌లో ఇండియన్ వెడ్డింగ్ అని వెతికి చూడండి, పెళ్ళికూతురికి ఫేషియల్ చేసి, మెహందీ పెట్టి, నగలు తొడిగే ఆటలు దండిగా దొరుకుతాయి.

పసిపాపల దగ్గర్నుంచి పెళ్ళికూతుళ్ళ దాకా అంతమంది ఆడవాళ్ళని బొమ్మకట్టిన యూబీసాఫ్ట్‌కి 2014లో విచిత్రమైన కష్టమొచ్చింది. 'అసాసిన్స్ క్రీడ్ యూనిటీ' ఆటని నలుగురు కలిసి ఆడొచ్చు, ఆ నలుగురూ మగవాళ్ళే. ఎందుకంటే, ఆడమనిషిని పెడితే కదలికలు, గొంతులు, దుస్తులు అన్నీ మళ్ళీ చెయ్యాలి, పని రెట్టింపవుతుందని చెప్పారు. అదే వరస ఆటలకి పనిచేసిన జొనాథన్ కూపర్ అనే యానిమేటర్ అది ఒకటి రెండు రోజుల పని అని బయటపెట్టేశారు. ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే. ఇంతకీ ఆ ఆట జరిగేది ఫ్రెంచి విప్లవకాలపు పారిస్‌లో. ఆ విప్లవంలో అందరికీ గుర్తుండిపోయిన హంతకి షార్లట్ కోర్దే, 1793లో విప్లవ నాయకుడు మారాని స్నానపు తొట్టిలోనే పొడిచి చంపిన ఆడమనిషి. ఆ పని చెయ్యడానికి ఆమెకి ఎవరూ యానిమేషన్ చేసిపెట్టనక్కర్లేకపోయింది.

వ్యాపారమంటే వ్యాపారమే, ఆడేవాళ్ళని బట్టే సరుకు అంటారు చివరికి. మంచిదే, ఆడేవాళ్ళెవరో చూద్దాం. అమెరికా గేమ్ కంపెనీల సొంత సంఘం ఈఎస్‌ఏ 2014లో వేసిన లెక్కలో ఆడేవాళ్ళలో 48 శాతం ఆడవాళ్ళు. పద్దెనిమిదేళ్ళు నిండిన ఆడవాళ్ళే 36 శాతం. పద్దెనిమిది దాటని మగపిల్లలు, అంటే ముప్ఫై ఏళ్ళుగా ఎవరి కోసం ప్రకటనలన్నీ తయారయ్యాయో ఆ మహారాజులు, 17 శాతం. దీనికి సమాధానం సిద్ధంగా ఉంటుంది: ఆ ఆడవాళ్ళు ఆడేది ఫోన్లో క్యాండీ క్రష్, అదీ ఒక ఆటేనా? ఆట కాదనే అనుకుందాం. 2016లో యాక్టివిజన్ బ్లిజార్డ్ కంపెనీ క్యాండీ క్రష్ తయారీదారు కింగ్‌ని 5.9 బిలియన్ డాలర్లు పోసి కొనుక్కుంది. రాబడి లెక్కపెట్టేటప్పుడు అది గేమ్, గేమర్లని లెక్కపెట్టేటప్పుడు కాలక్షేపం. కంప్యూటర్ మీద మాటేమిటంటే, 2000లో వచ్చిన 'ది సిమ్స్' రెండేళ్ళలో అప్పటిదాకా అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన పీసీ గేమ్ అయింది, దాన్ని ఆడినవాళ్ళలో ఆడవాళ్ళదే పైచేయి. పెట్టె మీద గులాబీ రంగు లేదు, అమ్మాయిలకి అన్న చీటీ లేదు.

ఇంత చూశాకైనా కుందేలుకి నాలుగో కాలు కనిపించి ఉంటుందనుకుంటే, 2018లో 'అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ' వచ్చింది. కసాండ్రా అనే నాయిక ఒక్కతే ఉండాలని ఆట చేసినవాళ్ళు అనుకున్నారనీ, ఆడదాన్ని ముందు పెడితే సరుకు కదలదని పైనుంచి మాట రావడంతో అలెక్సియోస్ అనే తమ్ముణ్ణి కూడా కలిపి, ఇద్దరిలో ఎవరినైనా ఎంచుకోమన్నారనీ బ్లూంబర్గ్ 2020లో రాసింది. అదే కథని నవలగా రాయించినప్పుడు నాయిక కసాండ్రాయే. 2021లో ఇంకో ఆటలోకి అతిథిగా పిలిచినప్పుడు వచ్చిందీ కసాండ్రాయే. దుకాణంలో పెట్టె మీద నిలబడ్డది మాత్రం అలెక్సియోస్. గిరాకీ ఉన్నవాణ్ణే కదా పెట్టె మీద వెయ్యాలి.