ముందు పెన్సిలు, తర్వాత చప్పట్లు

కవిత సదువుడు ఒడువకముందే చప్పట్లు కొట్టుడు ఎప్పటి సంది మొదలైందో గని, అప్పటి సందే మన దిక్కు కవిత్వం పాడైంది. పొద్దుగాల ఆరు గొట్టంగనే ఫోన్ల ఒక కవిత వడ్తది. ఆరుంబావు గాకముందే "సూపర్ అన్నా", "అద్భుతం సార్" అని పదిమంది లేస్తరు. దాని ఎనుక రెండు చేతుల బొమ్మ, ఎర్ర గుండెకాయ బొమ్మ. గంత జల్ది సదివి, అర్థం జేసుకొని, మెచ్చుకున్నరంటే నమ్మాల్నా బిడ్డా? డెబ్బయ్యేండ్లు దాటినోన్ని, నాకు ఒక్క పాదం కాడనే పావుగంట వడ్తది.

మొన్న మా గల్లీ పిలగాడు, డిగ్రీ సదువుతుండు, వాక్ స్వాతంత్ర్యం మీద కవిత రాసి తెచ్చిండు. "తాతా, జర ఎట్లున్నదో చెప్పు" అన్నడు. చెప్పిన. మొఖం మాడ్చుకున్నడు.

కవితల ఏమున్నది? సంకెళ్లు తెంచుకొని అక్షరం అగ్నిశిఖ లెక్క లేచిందట. గొంతు నులిమితే గుండె మాట్లాడుతదట. ఎవని సంకెళ్లురా? ఎవడేసిండు? నువ్వు ఎన్నడన్న సంకెళ్లు జూసినవా? అని అడిగితే జవాబు లేదు. చాయ్ తాగుకుంట మాత్రం ఇంకో సంగతి చెప్పిండు. వాళ్ల ఊర్ల గ్రామసభల వాళ్ల నాయినమ్మ లేచి, "నా పింఛనెందుకు ఆగింది?" అని అడుగుతుంటే, ఒకడొచ్చి మెల్లగ చేతులకెళ్లి మైకు గుంజుకున్నడట. ముసల్ది మైకు లేకుంటనే, సభ అయిపొయ్యేదాంక అడుగుతనే ఉన్నదట. నాకు ఒళ్లు జలదరించింది. "మరి గదేదిరా కవితల? గా మైకేది, గా ముసల్దేది? గా అగ్నిశిఖలను తీసేసి నాయినమ్మను నిలవెట్టు" అన్న.

"నా భావప్రకటన స్వేచ్ఛ తాతా, నా ఇష్టమొచ్చినట్టు రాస్త" అన్నడు.

రాయి కొడకా, వద్దన్నదెవరు? రాజ్యాంగం 19వ అధికరణం నీకు రాసే హక్కిచ్చింది. నీ మూడో పాదం బాగలేదనే హక్కు నాకు గూడ అదే అధికరణం ఇచ్చింది. ఊరంత నోరు తెరవాలెనని కవిత రాసి, ఎదురుంగ కూసున్న ఒక్క ముసలోడు నోరు తెరిస్తే ఓర్వకపోతే ఎట్ల?

మా రోజుల్ల గిట్ల గాదు. డెబ్బయిలల్ల మాట. నల్లగొండల గడియారం స్తంభం కాడ చాయ్ తాగి, ఆదివారం పగటీలి గ్రంథాలయం ఎనుక వరండాల మేము కూసుంటుంటిమి. చాప గూడ లేదు, పాత పేపరే మాకు చాప. ఒకలు కవిత సదివేటోళ్లు. సదివినంక ఎవ్వలు మాట్లాడకపొయ్యేటోళ్లు, చప్పట్ల మాటే లేదు. మళ్లొక్కసారి సదువుమనేటోళ్లు. అప్పుడు పెద్దాయన, బడి పంతులు, చెవు మీది అరపెన్సిలు తీసేటోడు. కవి మాత్రం అందరు చెప్పుడు అయిపొయ్యేదాంక నోరు తెరవొద్దు. "నా ఉద్దేశం అది గాదు" అని మధ్యల అన్నడంటే పెద్దాయన, "నీ ఉద్దేశం ఇంట్ల వెట్టుకో, కాగితం మీద లేదు" అనేటోడు. ఒక్కొక్క మాట కింద గీత గీసి, ఎందుకు గీసిండో చెప్పేటోడు. ఊకె బాగలేదంటే మాత్రం ఆయననే ఒప్పుకోకపొయ్యేటోడు. ఏ మాట, ఏ పాదం, ఎందుకు? మూడింటికి జవాబియ్యాలె. కొట్లాడుకునేటోళ్లం, గొంతులు లేచేటియి. మల్ల సాయంత్రం ఒక్కటే సైకిలు మీద ఇద్దరం పానగల్లు చెరువు కట్టకు పోతుంటిమి.

ఎమర్జెన్సీ వచ్చింది, 1975 జూన్‌ల. పత్రికలకు సెన్సారు. వరండా ఇడిసి ఒకాయన ఇంట్ల, తలుపు దగ్గరికేసి కూసుంటుంటిమి. గప్పుడు ఒక దోస్తు నోరు మూయించుడు మీద కవిత రాసిండు. నిండ చీకటి, నిశ్శబ్దం, రెక్కలు తెగిన పక్షులు. సదివి, భయం భయంగ అడిగిండు, "దీని మీద పోలీసులొస్తరా పంతులూ?" పెద్దాయన పెన్సిలు కింద వెట్టి, "రారు. నువ్వేం చెప్పినవో వాళ్లకు గూడ సమజ్ కాదు" అన్నడు. దోస్తు వారం రోజులు మాట్లాడలే. తర్వాత తెచ్చిన కవితల పక్షుల్లెవ్వు, పేర్లున్నయి. దాన్ని మేము ఒకలకొకలం నోటితోటే అప్పజెప్పుకున్నం, కాగితం దాసిపెట్టినం. విమర్శ అంటె గది. మనిషిని కూలగొట్టుటానికి గాదు, కవిత నిలబడుటానికి. ఎమర్జెన్సీకి నాలుగేండ్ల ముందు, 1971ల, కవులు చెరబండరాజు, నిఖిలేశ్వర్, జ్వాలాముఖిని ముందస్తు నిర్బంధం కింద జైల్ల వెట్టిన్రు, హైకోర్టు విడిపిచ్చింది. అందుకే మాకు మాట అంటె మాట. దాని బరువు ఎరికే.

ఇంక ఎనకకు పోత, జర ఓపిక వట్టు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలల్ల కవి ఊకె పోయి సన్మానం తెచ్చుకోలే. అవధానం సభల పృచ్ఛకులు ఎదురుంగనే కూసుండి గుచ్చి గుచ్చి అడిగేటోళ్లు. నిషిద్ధాక్షరి అంటె, కవి నోట్లకెళ్లి రాబొయ్యే అక్షరాన్నే వద్దనేటోళ్లు. ఇంకో దారి దొర్కవట్టి పద్యం కట్టాలె. అడ్డు చెప్పెటోనికి దండం పెట్టి పద్యం జెప్పిన నేల మనది.

నిజాం రాజ్యంల తెలుగు కవులే లేరని ఒక పెద్దమనిషి రాస్తె సురవరం ప్రతాపరెడ్డి ఏంజేసిండు? మన పాలమూరు జిల్లాయన. 1926 మే 10 నాడు గోలకొండ పత్రిక మొదలువెట్టినాయన. ఊరూర కవులను దేవులాడి, 1934ల గోలకొండ కవుల సంచికల 354 మందిని తెచ్చి ముందల వెట్టిండు. విమర్శకు జవాబు గిట్లుండాలె. గవి గూడ ఎసుంటి రోజులు! గస్తీ నిషాన్ 53 అనే హుకుం ఉండె. సభ పెట్టుకోవాల్నంటే సర్కారు ఇజాజత్ కావాలె. అట్లాంటి రాజ్యంల 1922లనే షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నల్లగొండల నీలగిరి పత్రిక నడిపిండు. 1931ల దేవరకొండల బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతల ఆంధ్రమహాసభ అయింది. మీకు ఇప్పుడు హాలుంది, మైకుంది, శాలువలున్నయి. పుస్తకం ఆవిష్కరించినంక ఎనిమిదిమంది మాట్లాడుతరు, ఒక్కడు గూడ లోపలి పుట తెరిచిన గుర్తులుండవు.

సుప్రీంకోర్టు గూడ 2025 మార్చి 28 నాడు ఒక మంచి మాట చెప్పింది. ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ అనే కవి మీద గుజరాత్ పోలీసులు ఒక కవిత పట్టుకొని కేసు వెట్టిన్రు. కోర్టు కొట్టేసింది. మాట నేరమా కాదా అన్నది గట్టి మనసున్న మనిషి లెక్కన చూడాలె గని, ప్రతిదానికి ఉలిక్కిపడేటోని లెక్కన గాదన్నది. నేనైతే గా తీర్పు కాగితం తీసి కవులందరికి పంచుదునంటున్న. పోలీసోడు గట్టి మనసుతోటి కవిత సదవాలంటే, కవి గూడ గట్టి మనసుతోటి విమర్శ వినాలె గదా!

అయితే ఒక మాట చెప్పకపోతే తప్పయితది. మా వరండాల ఆడోళ్లు లేరు. ఒక్కరు గూడ రాలే, రమ్మని మేము పిలవలే. "గట్ల", "ఎట్లనో" అని ఇంటి భాషల రాస్తె పెద్దాయన పెన్సిలు "అట్లు", "ఎట్లో" అని దిద్దేది. మా అవ్వల మాటలు ఎన్ని ఆ పెన్సిలు కింద పొయినయో. ఇప్పటి పిల్లలు భయం లేకుంట ఇంటి మాట రాస్తున్నరు, ఆడపిల్లలు లేచి సదువుతున్నరు. అది మాత్రం బాగున్నది. తక్కినది బాగలేదు.

గా పిలగాడు మల్ల రాలే గని, వాని చెల్లె వచ్చింది. ఇంటర్ సదువుతది. నేను గస్తీ నిషాన్ మీద రాసుకున్న నా కవిత బల్ల మీదుంటే తీసి సదివింది. రెండోసారి గూడ సదివింది, గది నాకు నచ్చింది. "తాతా, గీ కలం ఖడ్గమైందన్నవు గదా, మీ ఇంట్ల ఖడ్గం ఉన్నదా?" అన్నది. లేదన్న. "మరి ఫోనంటే అయిపాయె గదా, నువ్వు గూడ రోజు గదే పట్టుకుంటవు" అన్నది. పెన్సిలు తీసి ఖడ్గం కొట్టేసిన. ఫోను మాత్రం నేను బతికుండంగ నా కవితల వెట్ట.