బ్యాక్‌వాటరూ, జర ఓ మాట విను

బ్యాక్‌వాటర్‌కు,

శ్రీరాంపూర్ సింగరేణి కాలనీ నుంచి రాస్తున్నా. వరదకే రాద్దామనుకున్నా గానీ, వరదకు ఎంతో కొంత మర్యాద ఉంది. ఎగువ నుంచి వస్తుంది, టీవీలో చెప్పి మరీ వస్తుంది. నీకు ఆ పద్ధతే లేదు. మేమంతా గోదారి గట్టు మీద నిలబడి చూస్తుంటే, నువ్వు వాగులో ఎదురెక్కి వెనక నుంచి ఇళ్లల్లో చేరతావు.

2022 జులై యాదికుందా? కడెం ప్రాజెక్టుకు 18 గేట్లు. అందులో ఒకటి లేవనే లేదు, నీళ్లు పైనుంచి దూకాయి. 1958లో, 1995లో తెగిన ప్రాజెక్టు అది. ఈసారి కట్ట ఆగడమే మా అదృష్టం. ఆ నీళ్లూ శ్రీరాంసాగర్ నీళ్లూ కలిసి యెల్లంపల్లి ప్రాజెక్టు 62 గేట్లు దాటి మంచిర్యాల మీదికి వచ్చాయి. గోదారి మట్టం పెరిగేసరికి మంచిర్యాల రాళ్లవాగు నీళ్లు నదిలోకి పోయే దారి మూసుకుపోయింది. పోలేని నీళ్లు ఎగదన్ని ఎన్టీఆర్ నగర్‌ను ముంచాయి. నది ఒడ్డున ఉన్న మాతాశిశు ఆస్పత్రిలోకీ నీళ్లు జొచ్చి బాలింతల్ని, పసిగుడ్డుల్ని తరలించాల్సి వచ్చింది. అక్కడ ఆస్పత్రి కట్టమన్న సలహా నీది కాదని ఒప్పుకుంటా.

నువ్వు పోయినంక ఏం మిగిలిందో నువ్వు చూడలేదు. స్విచ్ బోర్డు దాకా బురద గీత. ఉబ్బిపోయి కుట్లు తెగిన బియ్యం బస్తా. దండెం మీద చీరల పక్కనే క్లిప్పులు పెట్టి ఆరేసిన పదో తరగతి మెమో, పట్టా పాస్‌బుక్కు.

ఇదొక్కటే అయితే ఇంత ఉత్తరం రాయను. నీకు రెండో అవతారం కూడా ఉంది. 2019లో కాళేశ్వరం ఎత్తిపోతలు మొదలయ్యాక సుందిళ్ల బ్యారేజీ వెనక నువ్వు యెల్లంపల్లి కింద దాకా పరుచుకున్నావు. రాజీవ్ రహదారి వంతెన మీద ఆగి, నిండు గోదారిని చూసి మేమూ మురిసిపోయాం. ఆ నీళ్లను పంపులతో ఎత్తి మళ్లీ యెల్లంపల్లిలో పోశారు. గోదారి ఎగువకు నడుస్తుందని మా తాతకు చెప్పి ఉంటే, పొద్దుగాలే కల్లు తాగినావురా అనేవాడు. అదే సమయంలో అన్నారం, మేడిగడ్డ బ్యారేజీల వెనక చెన్నూరు, కోటపల్లి రైతుల పత్తిచేలు వానాకాలం వస్తే చాలు నీ పాలయ్యాయి. పత్తి మొక్క వేరు రోజుల తరబడి నీళ్లలో నానితే మళ్లీ తేరుకోవడం కష్టం.

2023 అక్టోబర్ 21న మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి. ఆ తర్వాత మూడు బ్యారేజీల్లోనూ నీళ్లు నిలపడం మానేశారు. మరుసటి ఎండాకాలం అదే వంతెన కింద ఇసుక, బండలు తేలాయి. నువ్వు ఉన్నప్పుడు వాళ్ల చేను మునుగుతుంది, లేనప్పుడు మా బోర్లు ఎండుతాయి. నీ లెక్క బాగుంది.

అసలు నిన్నొక్కదాన్నే తిట్టడం న్యాయం కాదు. యెల్లంపల్లి పట్టేది 20 టీఎంసీలు. హైదరాబాద్ తాగునీటిలో కొంత అందులోంచే పోవాలి, రామగుండం ఎన్టీపీసీకి నీళ్లూ అందులోంచే. అందుకే దాన్ని నింపి పెట్టాలనే ఆరాటం. లక్ష క్యూసెక్కులు రోజంతా పారితే 8.64 టీఎంసీలు. పది లక్షలు వస్తే, ఖాళీ యెల్లంపల్లి కూడా ఆరు గంటల్లోపే నిండుతుంది. ముందే నిండుగా ఉంటే ఇక వచ్చింది వచ్చినట్టు కిందికి వదలడమే. అంటే కరువు భయమే నీకు తలుపు తీస్తోంది. బొగ్గుబాయిలో పనిచేసినోళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఓపెన్‌కాస్ట్‌లో వానాకాలం ముందే సంపు తోడి ఖాళీ ఉంచుతారు. అక్కడ నీళ్లు ఎవరికీ అక్కర్లేదు కాబట్టి ఆ పని తేలిక. ప్రాజెక్టులో ప్రతి చుక్కకూ ఎవరో ఒకరు హక్కుదారు ఉంటారు, ఖాళీ చెయ్యమంటే చెయ్యి ఎవరికి ఆడుతుంది?

ఎగువన మహారాష్ట్రలో బాబ్లీ బ్యారేజీ ఉండనే ఉంది. 2013 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా దాని గేట్లు తెరిచే ఉండాలి. అంటే వానలప్పుడు నది మాది. ఎండలప్పుడు మాత్రం, మార్చి 1న వదిలే 0.6 టీఎంసీ దిక్కు.

నిన్ను రావద్దంటే ఆగవు. జులైలో యెల్లంపల్లి ఎంత ఖాళీ ఉంచాలో, ఎవరి మాట మీద ఉంచాలో కాగితం మీద రాసి, మంచిర్యాల బస్టాండ్‌లో అతికించమని మా అధికారులను అడుగుతాం. గేట్లు ఎత్తాక ఎన్ని గంటలకు రాళ్లవాగు ఎగదన్నుతుందో అది కూడా అందులోనే రాయాలి. నీ వంతుగా నువ్వూ ఒకటి చెయ్యి. ప్లాట్లు అమ్మేటోళ్లు జాగాను ఎండాకాలంలోనే చూపిస్తారు, 2022 గీత మీద సున్నం కొట్టేసి ఉంటుంది. తారు రోడ్డు, కరెంటు స్తంభం, బడి ఎంత దూరం అని బ్రోచర్‌లో రాసుకుంటారు కదా, ఆ వరుసలో నీ పేరు కూడా అచ్చు వేయించుకో.

ఇట్లు,
శ్రీరాంపూర్ నుంచి,
నీ రాకపోకలు రెంటినీ ఎరిగిన ఒకడు