పీ 0171: టీకా తాత్పర్య సహితము

మూలము: పీ 0171

అవతారిక: డాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మ వెలిగి, పికప్ తగ్గి, గేటు దగ్గర ఆగిన బండి ఒణుకుతున్నప్పుడు స్టీరింగు కింది పదహారు పిన్నుల సాకెట్టుకు స్కానర్ తగిలిస్తే వెలువడే పంచాక్షరి ఇది. ఈ కోడ్‌ల వాఙ్మయం అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచీ, మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచీ తప్పనిసరి అయింది.

ప్రతిపదార్థము: పీ = ఇంజను, గేరుబాక్సులకు చెందిన; 0 = ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాక అందరికీ ఉమ్మడిదైన; 1 = గాలి, ఇంధనాల కొలతకు సంబంధించిన; 71 = ఒకటో వరుస సిలిండర్లలో పెట్రోలు పాలు తక్కువ కావడమనే దోషము. మన రోడ్ల మీద తిరిగే నాలుగు సిలిండర్ల కార్లకు ఉన్నదే ఒక వరుస కనుక ‘ఒకటో’ అన్నది కేవలం పాదపూరణము.

తాత్పర్యము: ఒక పాలు పెట్రోలుకు బరువులో 14.7 పాళ్ల గాలి చొప్పున కలిస్తే మంట సమంగా ఉంటుంది. పొగగొట్టంలో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ గాలి మిగిలిపోతోందని చెప్పగా, కంప్యూటరు పెట్రోలు పెంచుతూ పోయి, తన హద్దు చేరాక చేసుకున్న విన్నపమే ఈ కోడ్. ఒక్కసారి చూసి దీపం వెలిగించదు. సాధారణంగా రెండో ప్రయాణంలోనూ అదే కనిపిస్తేనే వెలిగిస్తుంది.

పూర్వపక్షము: ఆక్సిజన్ సెన్సర్ పేరు వచ్చింది కనుక దాన్నే మార్చాలని కొందరు.

సిద్ధాంతము: అది అసంగతము. సెన్సర్ సాక్షి మాత్రమే, ముద్దాయి కాదు. కోడ్‌కు వాచ్యార్థం పెట్రోలు చాలకపోవడం. ఎక్కడ, ఎందుకు అన్నది వ్యంగ్యార్థం. వాచ్యార్థంతో ఆగినవాడు వేల రూపాయల సెన్సర్ కొంటాడు, వారం తిరక్కుండా దీపం మళ్లీ వెలుగుతుంది.

పరీక్షావిధి: స్కానర్‌లో ‘ఫ్యూయల్ ట్రిమ్’ చూడాలి. కంప్యూటరు పెట్రోలు ఎంత శాతం అదనంగా పోస్తోందో చెప్పే అంకె అది. ఐడిలింగులో 20 దాటి ఉండి, 2500 ఆర్‌పీఎంకి పెంచగానే మామూలుకు దిగివస్తే లెక్కలోకి రాని గాలి ఎక్కడో చొరబడుతున్నట్టు. షెడ్డు భాషలో ‘గాలి లాగుతోందండి.’ లోడు పెరిగేకొద్దీ అంకె కూడా పెరిగితే పెట్రోలు పంపు నీరసించిందనో, ఫిల్టరు పూడిందనో, గాలిని కొలిచే సెన్సర్‌కు మురికి పట్టిందనో అనుమానించాలి. ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు సైలెన్సరు గొట్టం చిల్లిపడినా బయటి గాలి లోపలికి పోయి అబద్ధపు సాక్ష్యం పలికిస్తుంది.

దేశవిశేషము: వరిచేల నడుమ ఊళ్లలో, కోతలయ్యాక గింజ దొరకని ఎలుకకు రాత్రి నిలిపిన కారు బానెట్ వెచ్చని ఇల్లు. గాలి కొలిచే సెన్సర్‌కూ థ్రాటిల్‌కూ మధ్య ఉండే రబ్బరు గొట్టాన్ని అడుగువైపు కొరుకుతుంది. పైనుంచి చూస్తే గొట్టం నిక్షేపంగా ఉంటుంది. చేత్తో వంచితేనే మడతలో పంటిగాట్లు నోరు తెరుస్తాయి. కొండను తవ్వి ఎలుకను పట్టడమన్న సామెత ఇక్కడ అక్షరాలా చెల్లుతుంది. ఫ్యాక్టరీది కాక బయట బిగించిన సీఎన్‌జీ కిట్టు ట్యూనింగు కుదరకపోయినా ఇదే కోడ్ రావచ్చు.

పరిహారము: చిరిగిన గొట్టం మార్చాలి, టేపు చుట్టడం తాత్కాలిక శాంతి మాత్రమే. మురికి పట్టిన సెన్సర్‌ను దానికోసమే అమ్మే స్ప్రేతో కడగాలి, గుడ్డతో తుడవకూడదు. లీకు వెతకడానికి వేడి ఇంజను మీద కార్బ్ క్లీనర్ కొట్టేవారు మంట పుట్టే ప్రమాదం మరవరాదు. మరమ్మతుకు ముందే కోడ్ చెరిపితే, దోషం పుట్టిన క్షణాన నమోదైన స్పీడు, ఇంజను వేడి, లోడు వివరాలు కూడా చెరిగిపోతాయి.

ఫలశ్రుతి: దోషం నిజంగా తీరితే వరసగా మూడు ప్రయాణాలు నిర్దోషంగా సాగాక దీపం దానంతటదే ఆరుతుంది. ఆపైన ఇంజను నలభై మార్లు చల్లారి వేడెక్కేసరికి కోడ్ జ్ఞాపకం నుంచి కూడా తొలగిపోతుంది.