నిశ్శబ్దం పాటించండహో!

శబ్ద కాలుష్య అవగాహన ర్యాలీకి కావలసిన సామగ్రి ఇది: ఒక డీసీఎం వ్యాను, దాని మీద నాలుగు సౌండ్ బాక్సులు, వెనక ఒక జనరేటరు, ముందు ఒక ఫ్లెక్సీ, ఎండలో నిలబెట్టడానికి రెండొందల మంది బడిపిల్లలు.

ముఖ్య అతిథి ఆలస్యం తప్పనిసరి. ఆయన వచ్చేదాకా "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" పారాయణం నడుస్తుంది. మధ్యమధ్య మైకు కీచుమంటుంది, సందు దొరికితే సినిమా పాట. అతిథి వచ్చేశారని సైరన్ చెబుతుంది.

జెండా ఊపగానే పిల్లల చేతుల్లో ఈలలు పడతాయి. ర్యాలీ ఆస్పత్రి ముందు నుంచే పోతుంది. నిశ్శబ్దం గురించి రోగులకు తెలియకపోతే ఎలా? సగం రోడ్డు మూసేస్తారు గనుక వెనక చిక్కుకున్న బండ్లన్నీ హారన్లు అందుకుంటాయి. జనంలో అవగాహన ఎంత తక్కువో చూడండని నిర్వాహకులు అక్కడికక్కడే నిరూపిస్తారు, మైకులోనే. పూర్వం దండోరా వేసేవాడు రెండు దెబ్బలు కొట్టి, చెప్పవలసింది చెప్పి పక్క వీధికి పోయేవాడు. ర్యాలీ మాత్రం ఉపన్యాసాలయ్యేదాకా కదలదు.

ఆస్పత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. అక్కడ పగలు 50 డెసిబెల్స్, రాత్రి 40. ఇళ్ల మధ్య 55, 45. డెసిబెళ్లది కూరగాయల తూకం కాదు. పది పెరిగితే ధ్వని శక్తి పదింతలు, ఇరవై పెరిగితే నూరింతలు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2011లో ఏడు మహానగరాల్లో శబ్దం కొలిచే యంత్రాలు పెట్టించింది. హైదరాబాద్‌లో అబిడ్స్, తార్నాక, జూబ్లీహిల్స్ వంటి చోట్ల ఉన్నాయి. ఊరంతా మాట్లాడుతుంటే వినే ఓపిక వాటికే ఉంది.

వేణువు, తబలా, వయొలిన్, హార్మోనియం ధ్వనుల హారన్లు తెస్తామన్న కేంద్ర రవాణా మంత్రి మాట తెలిసిందే. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర మూడొందల హార్మోనియాలు ఒక్కసారే అందుకుంటే అది కచేరీ అవుతుందని నమ్మకం కాబోలు.

ఇంతకీ అవగాహన లేనిదెవరికి? పోలీసు కనిపించగానే హారన్ మీంచి వేలు తీసే బైకువాడికి అవగాహన ఉంది. సైలెన్సర్ పీకించినవాడు ఆ మోత కోసమే డబ్బిచ్చి పీకించాడు. అర్ధరాత్రి బరాత్‌లో డీజే పెట్టించినవాడికి రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకర్ కూడదని తెలుసు. ఫోన్ చేస్తే "పంపిస్తాం సార్" అని పెట్టేసే డ్యూటీ అధికారికి అందరికంటే బాగా తెలుసు. పడుకోలేక చస్తున్నది పసిపిల్లలు, ముసలివాళ్లు, తెల్లారి పరీక్ష రాయాల్సినవాళ్లు. వాళ్లకు అవగాహన కల్పించి ఏం ఒరుగుతుంది? చర్య తీసుకోవడం చేతకాని చోట, ఇష్టం లేని చోట, అవగాహన అనే మాట పుట్టింది. ర్యాలీ తీస్తే ఎవరికీ కోపం రాదు, డీజే బాక్సులు జప్తు చేస్తే వస్తుంది. అసలు గుట్టు అదే.

ఇష్టం లేని చెవుల్లో లౌడ్‌స్పీకర్ మోత పోయడం వాక్స్వాతంత్ర్యం కిందికి రాదని సుప్రీంకోర్టు 2005 జూలై 18నే తేల్చింది. ముంబై పోలీసులు 2020లో సిగ్నల్‌కు శబ్దమాపకం తగిలించి, హారన్ల మోత 85 డెసిబెల్స్ దాటితే ఎర్రలైటు లెక్క మళ్లీ మొదలయ్యేలా చేసి చూపించారు. ఉపన్యాసం లేకుండానే సంగతి అర్థమైంది. మోటారు వాహనాల చట్టం 194ఎఫ్ సెక్షన్ ప్రకారం అనవసర హారన్‌కు మొదటిసారి 1000 రూపాయలు, మళ్లీ కొడితే 2000. హెల్మెట్ చలానాలు ఇంటికొచ్చినంత మామూలుగా ఈ చలానా వచ్చిన ఇల్లు కాలనీలో వెతికినా కనిపించదు.

ఏటా ఏప్రిల్ చివరి బుధవారం అంతర్జాతీయ శబ్ద అవగాహన దినం. నిర్వాహకులకు మనవి: ఆ రోజు జనరేటరులో డీజిల్ పోయకండి, పిల్లల్ని బడిలోనే ఉండనివ్వండి.