పేరా గారూ, మీరెవరి తాలూకు?

మా గరికపాడులో హైవే పక్క టీ కొట్టు దగ్గర నిలబడితే నన్ను అందరూ అడిగేది ఒకటే. "ఎప్పుడు చూసినా ఇంట్లోనే ఉంటన్నావంట, ఇంతకీ ఏం పని చేస్తావబ్బాయ్?"

మొదట్లో నిజం చెప్పేవాణ్ణి. "వర్డు ఫైళ్ళని డిటా అనే పద్ధతిలోకి మారుస్తానండీ" అని. "డేటా ఎంట్రీయా?" అనేవాళ్ళు జాలిగా. డేటా కాదండీ, డిటా అని దిద్దితే, "ఏత్వం తీసేసి గుడి పెడితే జీతమేమన్నా పెరుగుద్దా?" అన్నాడొక పెద్దాయన. అంతటితో నిజం చెప్పడం మానేశాను. ఇప్పుడు అడిగినవాళ్ళకి చెక్‌పోస్టు చూపిస్తున్నాను.

2014 జూన్ 2న రాష్ట్రం రెండయ్యాక మా ఊరు సరిహద్దు ఊరైంది. హైదరాబాదు నుంచి హైవే మీద బెజవాడ పోయే లారీ మా ముందునుంచే పోవాలి. 2020 లాక్‌డౌన్‌లో లారీలనేమిటి, హాస్టళ్ళు మూసేస్తే ఇంటికి బయల్దేరిన పిల్లల్ని కూడా ఇక్కడే ఆపారు. చెక్‌పోస్టు వాళ్ళు లారీ రంగులు చూడరు. ముందు కట్టిన నిమ్మకాయలూ చూడరు. లోపల ఏముంది, ఎక్కణ్ణుంచి ఎక్కడికి, కాయితాలేవి? నా పనీ ఇదే. నా దగ్గరికొచ్చే లారీలు పేరాలు.

మొన్నొక పేరాల బారు వచ్చింది. పొలంలో మందుకొట్టే పంపు మాన్యువల్, 180 పేజీలు. రాసిన మహానుభావుడెవరో గానీ ఎంటర్ బటన్ మీద అపారమైన నమ్మకమున్నవాడు. కొత్త పేజీ కావాలంటే ఇరవైమూడు ఎంటర్లు. మాట కుడిపక్కకి జరగాలంటే నాట్లు వేసినట్టు వరసగా స్పేసులు. అంకెలు చేత్తోనే వేశాడు, ఒకచోట 1, 2, 3, 3, 5. హెడ్డింగులకి హెడ్డింగ్ స్టైల్ వాడిన పాపాన పోలేదు. అన్నీ నార్మలే. కాకపోతే కొన్ని నార్మళ్ళు లావుగా ఉంటాయి, కొన్ని నార్మళ్ళు నీలంగా ఉంటాయి.

కంటికి ఇబ్బందేమీ లేదు. లావుగా ఉంది కాబట్టి హెడ్డింగ్ అనుకుంటాం. కానీ పెళ్ళిలో పట్టుచీర చూసి పెళ్ళికూతురి తల్లెవరో చెప్పగలమా? మేనత్త అంతకన్నా ఖరీదైన చీర కట్టుకునొస్తుంది. అందుకే మా నాయనమ్మ ఏ పెళ్ళికెళ్ళినా చీరల సంగతి తర్వాత చూసుకుని, ముందు "మీరెవరి తాలూకమ్మా?" అనడిగేది. డిటా రాసేది ఎక్స్‌ఎమ్మెల్ అనే గుర్తుల భాషలో. వర్డుకి తెలిసేది చీర. ఎక్స్‌ఎమ్మెల్ అడిగేది చుట్టరికం. ఈ పేరా ఏ అధ్యాయం కూతురు, ఈ హెచ్చరిక ఏ మెట్టు తాలూకు అని తేలందే లోపలికి రానివ్వదు.

విచిత్రమేమిటంటే 2007 తర్వాతి వర్డు డాక్స్ ఫైలు కడుపులో ఉన్నదీ ఎక్స్‌ఎమ్మెల్లే. ఆ ఫైలు పేరు చివర జిప్ అని మార్చి విప్పి చూడండి. చూశారుగా, అదంతా చీర మడతల లెక్క. ఒక మాటలో ఒక్క అక్షరం లావు చేసినందుకు ఆ మాటని మూడు ముక్కలు చేసి పెట్టుకుంటుంది.

పంపు మాన్యువల్లో నాకు నిద్ర పట్టనివ్వని వాక్యాలు రెండున్నాయి. "4. మూత విప్పండి. 5. మూత విప్పేముందు ప్రెషర్ పూర్తిగా తగ్గించండి." నాలుగో మెట్టులో మూత విప్పినవాడికి ఐదో మెట్టు చదవడానికి కళ్ళుండాలిగా! డిటాలో పని చెప్పే పాఠానికి ఒక వరస ఉంది. మొదలెట్టకముందు ఉండాల్సినవి ముందు, తర్వాత మెట్లు, ఆ తర్వాత ఫలితం. ప్రతి మెట్టులోనూ చెయ్యాల్సిన పని ఒకటి కచ్చితంగా ఉండాలి. ఉపోద్ఘాతం చెప్పి తప్పించుకుంటే ఒప్పుకోదు.

ముందు చెప్పాల్సింది తర్వాత చెప్పే ఈ రోగం ఎక్కడిదో ఆవకాయ రోజుల్లో తెలిసింది. అమ్మ చెబుతుంటే నేను మెట్లుగా రాద్దామని కూర్చున్నాను. "ముక్కలు వెయ్యి, కారం వెయ్యి, ఆవపిండి వెయ్యి, ఉప్పు వెయ్యి, కలుపు" అంది. కలిపాను. "తుడిచావా ముక్కల్ని? తడి చేత్తో కలిపావా ఏంటి ఖర్మ!" అంది అప్పుడు. ముందే చెప్పాలి కదమ్మా అంటే, "అది కూడా చెప్పాలా!" అంది. ఆ పంపు మాన్యువల్ రాసినాయనకీ వాళ్ళమ్మ ఇలాగే వంట నేర్పి ఉంటుంది.

మా బాబాయి మాత్రం నా ఉద్యోగాన్ని చప్పున అర్థం చేసుకున్నాడు. జగ్గయ్యపేటలో దస్తావేజులు రాస్తాడాయన. ఈ విద్య మొదలైంది 1969లో ఐబీఎమ్‌లో, గోల్డ్‌ఫార్బ్, మోషర్, లోరీ అని ముగ్గురు మొదలెట్టారు, గోల్డ్‌ఫార్బ్ అసలు లాయరు, వకీళ్ళ కాయితాల కోసమే పుట్టింది అని చెప్పాను. ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. దాని పేరు జీఎమ్మెల్ అనీ, అది ఆ ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలకీ సరిపోతుందనీ చెబితే, "భాగస్తులు రైసుమిల్లుకి పెట్టుకున్నట్టా!" అన్నాడు. అక్కణ్ణుంచి 1986లో ఎస్‌జీఎమ్మెల్, 1998లో ఎక్స్‌ఎమ్మెల్, 2005లో డిటా అని వంశవృక్షం చదివాను. డిటాలో "డి" అంటే డార్విన్ అని చెబితే మాత్రం, "కోతి దాకా ఎందుకులే" అని ఆపేశాడు.

"దస్తావేజు చూడు. తూర్పున ఫలానా వారి చేను, దక్షిణాన డొంక. నాలుగు హద్దుల్లో ఒకటి తగ్గితే రిజిస్ట్రారు తిప్పి పంపుతాడు. మీవోళ్ళు కనిపెట్టిందేముంది?" అన్నాడు. నిజమే. మన జగ్గయ్యపేట స్తూపం దగ్గర మూడో శతాబ్దపు శాసనం దొరికింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ ఏడు, వానకాలం 8వ పక్షం, 10వ రోజు. ఇచ్చినవాడు సిద్ధార్థుడనే శిల్పి. వాళ్ళమ్మ, భార్య, పిల్లలు, తోడబుట్టినవాడు వరసగా ఉంటారు. ఇచ్చింది తూర్పు వాకిట ఐదు ఆయక స్తంభాలు. రాతి మీద బోల్డ్ లేదు. ఆ వరసలో అమ్మ పేరు అందరికన్నా ముందుంది, అదే ఆవిడకి బోల్డ్.

అయితే ఇంత తెలిసిన బాబాయి కంప్యూటర్ ముందు కూర్చుంటే ఆ పంపు మాన్యువల్ రాసినాయనకి అన్న. తెలుగంతా 'అను' ఫాంట్లలో కొడతాడు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గుర్తులూ ఇంగ్లీషు అక్షరాలూ బయటపడతాయి, తెల్లారాక వేషం కడిగేసిన భాగవతుల్లా. 2022 ఏప్రిల్‌లో మాది కృష్ణా జిల్లా పోయి ఎన్టీఆర్ జిల్లా అయింది. మాలాంటివాళ్ళు జిల్లా పేరు ఒక్కచోట రాసి మిగతా అన్నిచోట్లకీ అక్కణ్ణుంచే పిలుచుకుంటాం. అక్కడ దిద్దితే అంతటా మారుతుంది. బాబాయి ఆ రోజుల్లో ఒక అర్జీలో "కృష్ణా" ఉన్నచోటల్లా "ఎన్టీఆర్" పెట్టమని ఒక్క నొక్కు నొక్కాడు. ఎన్టీఆర్ నది నీళ్ళు మా ఊరి చివరి పొలాలకి అందడం లేదని ఆ అర్జీ అధికారుల దాకా వెళ్ళింది.

పోయిన నెల మా చెల్లెలి పెళ్ళి కుదిరింది. "నీ విద్య చూద్దాం, ఈ శుభలేఖ మార్చు" అని బాబాయి తను తయారుచేసిన వర్డు ఫైలిచ్చాడు. నాకు ఉత్సాహమొచ్చింది. శుభలేఖని మించి కట్టుబాటున్న కాయితం మనకేముంది? వధువు, వరుడు, ఎవరి మనవరాలు, ఎవరి మనవడు, ముహూర్తం, వేదిక, విందు, ఆహ్వానించువారు. రాత్రంతా కూర్చుని ఎవరెవరు తప్పనిసరో నియమాలు రాసుకున్నాను. పొద్దున బాబాయినీ పిన్నినీ పక్కన కూర్చోబెట్టుకుని మార్చే బటన్ నొక్కాను.

చెక్‌పోస్టు గేటు పడింది. వధువు ఉంది. ముహూర్తం ఉంది. భోజనాలు కూడా ఉన్నాయి. వరుడు లేడు.

అల్లుడి పేరు అందంగా ఉండాలని బాబాయి దాన్ని టెక్స్ట్ బాక్సులో పెట్టి, చుట్టూ తీగ గీసి, అమ్మాయి పేరు పక్కకి లాగి నిలబెట్టాడు. మార్చేటప్పుడు టెక్స్ట్ బాక్సులు తరచూ వెనకే ఉండిపోతాయి.

పిన్ని స్క్రీను మీదికి వంగింది. "ఇదేంటి, పెళ్ళికొడుకేడీ?"

బాబాయి కళ్ళజోడు తుడుచుకుంటూ, "డబ్బాలో ఉండిపోయాడంట" అన్నాడు. "ముహూర్తానికింకా తొమ్మిది రోజులుందిగా, వస్తాళ్ళే."